ఆర్‌లో ఎస్3 కన్‌స్ట్రక్టర్ రాసుడెట్ల? బత్తాయి లోడ్‌తోని చూద్దాం

నమస్తే. ఆర్ అనేది లెక్కల కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష. దాంట్ల క్లాసులు పెట్టుకునే ఒక సులువు పద్ధతి ఎస్3. ఒక క్లాస్ వస్తువును తయారు చేసే ఫంక్షనే కన్‌స్ట్రక్టర్. ఆర్ రాసుకునే ఆర్‌స్టూడియోల కొత్త స్క్రిప్ట్ తెరుచుకోండి. ఇయ్యాల మన క్లాస్ పేరు ‘బత్తాయి అండర్‌స్కోర్ లోడ్’. నల్లగొండ మార్కెట్‌కి వచ్చే బండి అనుకోండి. దాంట్ల మూడే వివరాలు: టన్నుల్ల బరువు, టన్నుకు ధర, టన్నుకు ఎన్ని కిలోల తరుగు.

పేరుల చుక్క పెట్టకండి, అండర్‌స్కోరే పెట్టండి. ఎస్3ల మెథడ్ (ఒక క్లాస్ కోసం రాసిన ఫంక్షన్) పేరుకు, క్లాస్ పేరుకు నడుమ చుక్కే హద్దు. రెండో చుక్క వస్తే ఏది ఎక్కడ ఆగిందో చదివేటోళ్లకు తెల్వది. ఉత్త ‘లోడ్’ అని కూడా వద్దు, ఆ పేరుతోని ఆర్‌ల ఫంక్షన్ ముందే ఉంది.

ఎస్3ల క్లాస్ అంటే వస్తువుకు అంటించిన చీటీ, అంతే. లోపల సరుకేందో ఆర్ చూడదు. ఉత్త అంకెకు ఈ చీటీ అంటించినా ఏమనదు. ఎప్పుడో ప్రింట్ కొట్టినప్పుడు ఎర్రర్ వస్తది, అసలు తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు. అందుకే లోడ్ తయారయ్యే తోవ ఒక్కటే పెట్టాలె. కాంటా ఎక్కనిది బండిని లోపలికి పోనియ్యరు కదా.

ఆ కాంటానే ‘న్యూ అండర్‌స్కోర్ బత్తాయి అండర్‌స్కోర్ లోడ్’ ఫంక్షన్. మొదటి లైన్‌ల స్టాప్‌ఇఫ్‌నాట్, అంటే షరతు తప్పితే ఆపేసే ఫంక్షన్: మూడూ ఈజ్ డాట్ న్యూమరిక్ (అంకెలే) కావాలె, ఒక్కోదాని లెంగ్త్ 1 కావాలె. చివరి లైన్‌ల స్ట్రక్చర్, అంటే చీటీ అంటించే ఫంక్షన్: లోపల లిస్ట్, పక్కన క్లాస్. ఇంకేం లెక్కలు ఇక్కడ పెట్టకండి.

చానామంది న్యూమరిక్ బదులు ఈజ్ డాట్ డబుల్ రాస్తరు. డబుల్ అంటే దశాంశాలు పట్టే అంకె రకం, ఇంటీజర్ అంటే పూర్ణాంకం రకం. సీఎస్‌వీ ఫైల్‌ల బరువులన్నీ 12, 9 లెక్క పూర్ణాంకాలే ఉంటే రీడ్ డాట్ సీఎస్‌వీ ఆ కాలమ్‌ను ఇంటీజర్‌గ చదువుతది. ఇంటీజర్ డబుల్ కాదు. మంచి లోడ్ కూడ ఆగిపోతది.

ఇంకోటి, కామా. ధర 25,000 అని కామాతోని ఉంటే అది అంకె కాదు, క్యారెక్టర్ (అక్షరాల రకం). దాన్ని అంకెగ మార్చనీకి యాజ్ డాట్ న్యూమరిక్ కొడితే ఎన్ఏ (విలువ లేదు) అయితది, ఒక వార్నింగ్ వచ్చి ఊకుంటది. అసలు చిక్కేందంటే, ఆ ఎన్ఏ కూడ న్యూమరిక్కే! మన కాంటా దాటి లోపలికి పోతది. ముందు జీసబ్ (అక్షరాలను వెతికి మార్చే ఫంక్షన్)తోని కామాలు తీసెయ్యండి, ఆ తర్వాతే మార్చండి. ఈ శుభ్రం చేసే పని, జనం పిలిచే హెల్పర్ ఫంక్షన్‌ల ఉండాలె.

విలువల తనిఖీ ‘వ్యాలిడేట్’ ఫంక్షన్‌ల: ఎన్ఏ లేదా, బరువు సున్నా కన్నా ఎక్కువనా, తరుగు 1000 కిలోల లోపట్నేనా.

ఇప్పుడు నడిపి చూడండి. 12 టన్నులు, ధర 25000, తరుగు 50 కిలోలు. తరుగు మొత్తం 600 కిలోలు, మిగిలేది 11.4 టన్నులు, పైసలు 2,85,000 రావాలె.

దీని కింద ఇంకో క్లాస్ పెట్టాలంటే కన్‌స్ట్రక్టర్‌కి ‘క్లాస్’ అనే ఆర్గ్యుమెంట్ ఇచ్చి, పిల్ల పేరు ముందు, తల్లి పేరు ఎనక వచ్చేటట్టు కలపండి. తిరగేస్తే తల్లి ప్రింటే నడుస్తది. ఇఫ్‌ల క్లాస్ చూడాలంటే ఇన్‌హెరిట్స్ వాడండి. పిల్ల వస్తువుకు రెండు క్లాస్ పేర్లుంటయ్ కాబట్టి, రెండు ఈక్వల్స్ పెడితే రెండు జవాబులొస్తయ్, ఆర్ 4.2.0 నుంచి అది ఎర్రరే.

లోడ్ తయారైనంక డాలర్ గుర్తుతోని ధర మారిస్తే కాంటా మళ్ల నడవదు. మార్చిన ప్రతిసారి వ్యాలిడేట్‌ను మీరే పిలవాలె.