బుద్ధుడు మంత్రాలు వద్దన్నాడు కదా, మరి ఈ పారాయణం ఎందుకు?

నమస్తే అండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. "బుద్ధుడు మంత్రాలను, తంతులను నమ్మలేదంటారు కదా, మరి బౌద్ధులు గుంపుగా కూర్చుని పాళీ అనే పాత భాషలో అవన్నీ చదవడం ఎందుకు?" అని చాలామంది అడుగుతుంటారు. మంచి ప్రశ్న. దీనికి సగం జవాబు మన ఊళ్లోనే దొరుకుతుంది.

అలిపిరి మెట్లెక్కేటప్పుడు ముందు ఎవరో "గోవిందా" అంటారు, వెనకవాళ్లు అందుకుంటారు. ఆయాసంతో నోరు మెదపలేనివాళ్లను కూడా ఆ గొంతులే పైకి లాక్కెళ్తాయి. నలుగురితో కలిసి పలికితే వచ్చే సత్తువ ఎలాంటిదో తిరుపతివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బౌద్ధ పారాయణంలోనూ ఆ బలం ఉంది. దానికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది.

బుద్ధుడు ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు. ఆయన తర్వాత కొన్ని వందల ఏళ్లు ఆ బోధంతా భిక్షువుల నోళ్లలోనే బతికింది. శ్రీలంకలో దాన్ని తాటాకులకు ఎక్కించింది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో. అప్పటిదాకా పని పంచుకున్నారు. బుద్ధుడి బోధల సంపుటాలను నికాయాలంటారు. వాటిలో దీఘ నికాయం కొందరిది, మజ్ఝిమ నికాయం కొందరిది. వాళ్లను భాణకులు అనేవారు. మన నాగార్జునకొండ శాసనాల్లో కూడా ఈ నికాయాలు వల్లించే ఆచార్యుల ప్రస్తావన ఉంది.

ఒక్కడే చదువుకుంటే ఎక్కడ తప్పాడో వాడికే తెలియదు. పదిమందిలో చదివితే, ఒక మాట జారినా పక్కవాళ్ల గొంతు పట్టిస్తుంది. వేద పాఠశాల పిల్లలు క్రమం, జట, ఘన అంటూ మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లిస్తారు చూడండి, బౌద్ధులు అదే పనికి ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పే పద్ధతి ఎంచుకున్నారు. సుత్తాలు, అంటే బుద్ధుడి ఉపదేశాలు, పుస్తకంలో చదివి "చెప్పిందే చెబుతున్నారేంటి" అని విసుక్కునేవాళ్లు, ఇంకొకరితో కలిసి పైకి చదివి చూడండి. అది చెవి కోసం కట్టిన రచన.

అలాగని గొంతు బాగుంది కదా అని రాగాలు తీయడం బుద్ధుడికి ఇష్టం లేదు. సాగదీసి పాడితే పాడేవాడు తన గొంతు మీదే మోజు పడతాడు, వినేవాళ్లూ దాని మీదే పడతారు, ఏకాగ్రత చెదిరిపోతుందని అంగుత్తర నికాయంలో ఉంది. నాకైతే ఈ మాట చాలా గొప్పగా అనిపిస్తుంది.

మరి రక్షణ కోసం చదివే పరిత్తాల సంగతి? గ్రీకు రాజు మిళిందుడు బౌద్ధ భిక్షువు నాగసేనుడిని ఇదే అడిగాడు: చావు తప్పదన్నప్పుడు పరిత్తం దేనికి అని. ఆయుష్షు తీరినవాడిని ఏ పరిత్తమూ ఆపలేదని నాగసేనుడు ఒప్పుకున్నాడు. కర్మ అడ్డుపడినా, నమ్మకం లేకపోయినా పని చేయదన్నాడు. ఎంత నిజాయితీ!

ఇక మంత్రాల వైపు వస్తే, మైసూరు టూర్ వెళ్లినవాళ్లు బైలకుప్పె గోల్డెన్ టెంపుల్‌లో టిబెటన్ భిక్షువుల గంభీరమైన పఠనం విని ఉంటారు. అది మరో సంప్రదాయం, దానికి వేరే వీడియో కావాలి.

మనకు దగ్గరి ఉదాహరణ అంబేడ్కర్‌ది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన ముందు తాను త్రిశరణం (బుద్ధుడు, ధమ్మం, సంఘం అనే మూడింటి శరణు), పంచశీల (ఐదు నియమాలు) స్వీకరించి, తర్వాత లక్షలమందితో చెప్పించారు. ఏ మనుషులనైతే గుడి గడప తొక్కనివ్వలేదో, వాళ్లంతా ఒకే గొంతుతో "నేను ప్రాణహింస మానుతున్నాను" అని మాట ఇచ్చారు. అందులో వరం అడగడం ఎక్కడా లేదు. ఎవరికి వారు తీసుకునే నియమం అది. దాన్ని పదిమంది ఎదుట చెప్పడంలోనే బరువంతా ఉంది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే, మైత్రి గురించి చెప్పే కరణీయ మెత్త సుత్తం తీసుకోండి. పదే గాథలు, అంటే పద్యాలు. వారానికొకటి చొప్పున, ఇంట్లో ఒకరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, అర్థం తెలుసుకుంటూ చదవండి. పలకడం వస్తుందో రాదో అని టెన్షన్ అక్కర్లేదు, పాళీ శబ్దాలన్నిటికీ మన తెలుగులో అక్షరాలున్నాయి.