అరువు గొంతులు: నాయకుల పోస్టుల్లో సొంత మాట ఎంత?

సభకు నమస్కారం.

ఎక్కడో ఒక ప్రమాదం జరుగుతుంది. గంట తిరగకముందే ఒక నాయకుడి ఖాతాలో ఈ మాటలు కనిపిస్తాయి: “ఈ దుర్ఘటన నన్ను తీవ్ర దిగ్భ్రాంతికి గురిచేసింది. మృతుల కుటుంబ సభ్యులకు నా ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను. క్షతగాత్రులు త్వరగా కోలుకోవాలని భగవంతుని ప్రార్థిస్తున్నాను.” ఇందులో తప్పుపట్టవలసిన మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి దిగ్భ్రాంతి మాత్రం వినిపించదు. నిజంగా దిగ్భ్రాంతి చెందిన మనిషికి ఆ సమయంలో ‘దిగ్భ్రాంతి’ అనే మాట నోటికి రాదు. పైగా మునిగింది పడవైనా, బోల్తాపడింది బస్సైనా, కూలింది కట్టడమైనా ఈ మూడు వాక్యాల్లో అక్షరం మార్చనక్కరలేదు. కింద సంతకం చేసే నాయకుణ్ణి మార్చినా మార్చనక్కరలేదు. అసలు లోపం అక్కడుంది.

నాయకులు సామాజిక మాధ్యమాల్లో అనే మాటలు వారి సొంత మాటల్లా వినిపిస్తున్నాయా అన్నది ఈరోజు నాకు అప్పగించిన అంశం. సొంత మాటలా వినిపించడం వేరు, సొంత మాట కావడం వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్లనే మనం పదేపదే మోసపోతున్నామని నా అభిప్రాయం.

నాయకుడి మాటను వేరొకరు రాసిపెట్టడం కొత్త సంగతి కాదు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రసంగాల వెనుక ఆయన సలహాదారు సోరెన్సన్ కలం ఉందని అందరికీ తెలుసు. ఆ కారణంగా వాటి విలువ తగ్గిందని ఎవరూ అనలేదు. పెర్ల్ హార్బర్ దాడి మరునాడు, 1941 డిసెంబరు 8న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగపు చిత్తుప్రతిలో దాడి జరిగిన తేదీ ‘ప్రపంచ చరిత్రలో’ నిలిచిపోతుందని ఉండేది. ఆయన స్వయంగా ఆ మాట కొట్టివేసి, ‘అపకీర్తితో’ నిలిచిపోతుందన్న అర్థం వచ్చే మాట రాశారు. ఆ ఒక్క దిద్దుబాటుతో వాక్యం ఆయనదైపోయింది. ఎవరు రాసిపెట్టినా, వేదికెక్కి అందరి ముందు తన నోటితో పలికేటప్పుడు ఆ మాటను నాయకుడు ఒక్కసారైనా నాలుక మీద పెట్టుకుని చూడక తప్పదు.

పోస్టుకు ఆ కాస్త ఒరిపిడి కూడా లేదు. తన పేరుతో ఏ మాట వెలువడిందో నాయకుడు మరునాడు పత్రికలో చూసి తెలుసుకోవచ్చు. అయినా మనం పోస్టునే ఎక్కువ ఆంతరంగికమైనదిగా భావిస్తాము. మిత్రుడి పిల్లవాడి పుట్టినరోజు ఫొటోకూ బంధువు పంపిన శుభాకాంక్షకూ మధ్యలో, అదే తెరమీద, అదే ‘నేను’ అనే మాటతో అది వస్తుంది కనుక ఆ భ్రమ సహజమే. ఒబామా బృందం 2011లో ఈ చిక్కును నిజాయితీగానే పరిష్కరించబోయింది. ఖాతాను సిబ్బంది నడుపుతారని, ఆయన స్వయంగా రాసిన ట్వీట్ల చివర మాత్రం ‘బీఓ’ అనే రెండు పొడి అక్షరాలు ఉంటాయని ప్రకటించింది. పద్ధతి మంచిదే కాని, ఆ రెండక్షరాలు లేని మిగతా ట్వీట్లన్నీ ఆయనవి కావని దాంతో ఒప్పుకున్నట్టయింది. చాలామంది నాయకులు ఈ దారి ఎందుకు పట్టలేదో వేరే చెప్పాలా?

ఇక సొంత గొంతు అనగానే అందరూ ఉదాహరణగా చెప్పే ట్రంప్ సంగతికి వద్దాం. 2016 ఎన్నికల కాలంలో ఒక డేటా శాస్త్రవేత్త ఆయన ఖాతాలోని ట్వీట్లను, అవి ఏ రకం ఫోనునుంచి వచ్చాయన్నదాన్నిబట్టి రెండు కుప్పలుగా వేశాడు. ఆండ్రాయిడ్ నుంచి వచ్చినవి కోపంతో, తిట్లతో నిండి ఉన్నాయి. ఐఫోన్ నుంచి వచ్చినవాటిలో ఫొటోలు, హ్యాష్‌ట్యాగులు, సభల సమాచారం ఉన్నాయి. మొదటివి ఆయనవి, రెండోవి సిబ్బందివి అని లోకం నిర్ణయించుకుంది. మొరటుగా ఉన్నది అసలు, నునుపుగా ఉన్నది నకిలీ అన్న సూత్రం అప్పటికి చక్కగా పనిచేసింది. అయితే 2017 డిసెంబరులో, మాజీ జాతీయ భద్రతా సలహాదారును తొలగించడం గురించి ఆయన ఖాతాలో వచ్చిన ఒక ట్వీటు న్యాయపరమైన చిక్కులు తెచ్చేలా కనిపించగానే, దాన్ని రాసింది తానేనని ఆయన న్యాయవాది ముందుకు వచ్చాడు. 2018 మే నెలలో ఒక అమెరికన్ పత్రిక రాసిన కథనం ఇంకా ఆసక్తికరం: అధ్యక్షుడి తీరును అనుకరించడానికి సిబ్బంది కావాలనే వ్యాకరణం తప్పుతూ, ముక్కలు ముక్కలుగా వాక్యాలు విరుస్తూ ట్వీట్లు తయారుచేస్తున్నారట. తప్పులు కూడా ముసాయిదాలో భాగమైన తరువాత, తప్పులను చూసి గొంతును ఎలా గుర్తుపట్టగలం?

అనుకరణకు లొంగని ట్వీటు నాకు తెలిసి ఒకటే ఉంది. బ్రిటన్ రాజకీయ నాయకుడు ఎడ్ బాల్స్ 2011 ఏప్రిల్ 28న తన పేరు వెతకబోయి, పొరపాటున ఆ పేరునే ట్వీటు చేశారు. రెండు మాటలు, అంతే. ఏటా ఆ తేదీని జనం సరదాగా గుర్తుచేసుకుంటూనే ఉన్నారు. నాయకుడి ఖాతాలో వెనుక ఏ ఉద్దేశమూ లేని మాట దొరకడం ఎంత అరుదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మొరటుతనం కొలబద్ద కానట్టే ఇంటి వాతావరణమూ కాదు. 2020 మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యే రాత్రి, న్యూజిలాండ్ ప్రధాని జెసిండా ఆర్డెర్న్ ఇంటి దుస్తుల్లోనే ఫేస్‌బుక్ ప్రత్యక్ష ప్రసారంలోకి వచ్చి, పసిబిడ్డను పడుకోబెట్టి వస్తున్నానని, అందుకే ఈ వేషమని చెప్పి, జనం అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చారు. అది మనసుకు తాకింది దుస్తుల వల్ల కాదు. ఆ రాత్రి ప్రతి ఇంటిలో ఉన్న సందేహాలకు ఆమె అక్కడికక్కడే సమాధానం చెప్పవలసి వచ్చింది, చెప్పారు. ఆ తరువాత వంటగదుల్లో, సోఫాల మీద వీడియోలు తీయించుకున్న నాయకులకు లెక్కలేదు. వాటిలో చాలావాటిలో వంటగది నిజమైనదే కాని మాట నిజం కాదు. 2022 ఫిబ్రవరి 25 రాత్రి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తీసిన చిన్న వీడియో ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయన దేశం విడిచిపోయాడన్న పుకార్లు ముమ్మరంగా ఉన్న వేళ, కీవ్‌లో అధ్యక్ష కార్యాలయం ముందు నిలబడి, సొంత చేత్తో ఫోను పట్టుకుని, పక్కనున్న సహచరులను ఒక్కొక్కరినే పేర్కొంటూ ‘ఇక్కడే ఉన్నారు’ అన్నారు. వాక్యాలలో గొప్పతనం ఏమీ లేదు. ఆ చోటునుంచి, ఆ రాత్రి, ఆయన తప్ప మరొకరు అనలేని మాట అది. కొద్ది వారాలకే ఆయన సైన్యాన్ని లొంగిపొమ్మంటున్నట్టు డీప్‌ఫేక్ వీడియో, అంటే కంప్యూటరుతో అల్లిన నకిలీ వీడియో, ఒకటి వచ్చింది. జనం దాన్ని త్వరగానే పట్టేశారు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ సుష్మా స్వరాజ్. 2016లో ఒకాయన చెడిపోయిన రిఫ్రిజిరేటరు గురించి విదేశాంగ మంత్రికి ట్విటర్‌లో మొరపెట్టుకుంటే, సోదరా, రిఫ్రిజిరేటరు విషయంలో నేను సాయపడలేను, కష్టాల్లో ఉన్న మనుషులతో తీరిక లేకుండా ఉన్నాను అన్న అర్థంలో ఆమె జవాబిచ్చారు. కాస్త చిరాకు, కాస్త చమత్కారం, పెద్దక్క మందలింపు అన్నీ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో తన మూత్రపిండాలు పనిచేయడం లేదని, ఆసుపత్రిలో ఉన్నానని కూడా ఆమే స్వయంగా ప్రకటించారు. మనకు అలవాటైన రాజకీయాల్లో నాయకుల జబ్బులు రహస్యాలు కదా!

సొంత గొంతుతో మాట్లాడితే ఖర్చు కూడా ఉంటుంది. 2009 సెప్టెంబరులో శశి థరూర్, విమానంలో చవక టికెట్ల తరగతిని ఎగతాళి చేస్తూ ఒక పాత్రికేయుడు ప్రశ్నలో వాడిన ‘పశువుల తరగతి’ అన్న మాటనే సరదాగా తిప్పి జవాబిచ్చి, సొంత పార్టీ ఆగ్రహానికి గురై, క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. చమత్కారం పండలేదనుకోండి, కాని అది ఆయన మాటే. ఇలాంటి ఉదంతం ఒక్కటి జరిగితే చాలు, వంద కార్యాలయాల్లో ముసాయిదాలు రెండేసిసార్లు వడకట్టబడతాయి. ఎవరినీ నొప్పించని వాక్యం కావాలని అడిగితే ఎవరినీ తాకని వాక్యమే వస్తుంది. ఆ పని ఇప్పుడు కృత్రిమ మేధ ఇంకా చవగ్గా, ఇంకా వేగంగా చేసిపెడుతోంది.

తెలుగు పాఠకుడికి మరొక బాధ ఉంది. ఒకే సందేశాన్ని పది భాషల్లోకి మార్చి పెట్టే అలవాటు వచ్చాక, ‘నేను మీకు అద్భుతమైన సంవత్సరాన్ని కోరుకుంటున్నాను’ వంటి తెలుగు మన ముందుకొస్తోంది. ఇది ఏ తెలుగువాడి నోటా ఎన్నడూ వెలువడని వాక్యం. ఆ నాయకుడికి తెలుగు రాకపోవడం తప్పు కాదు. మన భాషలో మనల్ని పలకరించాలనుకుని, ఆ పలకరింపు ఎలా వినిపిస్తుందో తెలుగువాడిని ఒక్కరినైనా అడగకపోవడం మాత్రం తప్పే.

ఖాతా పక్కన ఉన్న నీలి టిక్కును చూసి ఊరట పొందేవారూ ఉన్నారు. అది మకుటం వంటిది. ‘వినురవేమ’ అని ముగిసినంత మాత్రాన పద్యం వేమనది కాదని, ఆ మకుటం తగిలించి ఎందరో పద్యాలు అల్లారని మనకు తెలిసినదే. పైగా 2022 నవంబరులో ట్విటర్ ఆ టిక్కును డబ్బు కట్టినవారికి ఇవ్వడం మొదలుపెట్టగానే ప్రముఖుల పేర్లతో నకిలీ ఖాతాలు టిక్కుతో సహా వెలిశాయి. మకుటమే అమ్మకానికి వచ్చిందన్నమాట.

కనుక ఎవరి వేళ్ళు టైపు చేశాయన్న విచారణ నాకు అంత ముఖ్యం కాదు. నేను చూసేవి రెండే. ఈ మాటను ఈ సందర్భంనుంచి తీసి మరోచోట అతికిస్తే అతుకుతుందా? రేపు దీన్ని ఎత్తిచూపితే, ‘మా కుర్రవాళ్ళు పెట్టారు’ అనకుండా నాయకుడు దీనికి నిలబడతాడా?

ఒక నాయకుడి కార్యాలయంలో కొంతకాలం ముసాయిదాలు రాసిన మిత్రుడు నాకొక ఫైలు చూపించాడు. అందులో పేరు ఉండవలసిన చోట ఖాళీ గీత, ఆ వెంటనే ‘గారి మృతి తీరని లోటు’ అన్న వాక్యం సిద్ధంగా ఉన్నాయి. ఒకసారి పాత కార్యకర్త ఒకరు చనిపోతే, అలవాటుగా ఆ గీతలో పేరు నింపి ఫోనులో పంపాడట. నాయకుడు వెంటనే తిరిగి ఫోను చేసి, “అది తీసేయవయ్యా. నేను ఓడిపోయిన రాత్రి మా ఇంట్లో తెల్లవార్లూ కూర్చున్నది ఆయనొక్కడే. ఒక్క మాట మాట్లాడలేదు. అదే రాయి,” అన్నాడట. మిత్రుడు ఆ మూడు ముక్కలూ ఉన్నవున్నట్టుగా రాసి పెట్టాడు. టైపు చేసింది మిత్రుడే. లైకులు ఎప్పటికన్నా తక్కువే వచ్చాయట. కాని చనిపోయినాయన కొడుకు ఆ పోస్టును కాగితం మీద అచ్చు తీయించి, దశదినకర్మ నాడు తండ్రి ఫొటో పక్కన పెట్టాడు.