సాలార్‌జంగ్ మ్యూజియం: ముచ్చటపడి కొన్న వస్తువుల ఇల్లు

[షాట్: విజయవాడ బందరు రోడ్డు, బాపు మ్యూజియం గేటు]

నమస్కారం. మన బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి తెచ్చిన తెల్లరాతి బుద్ధుడున్నాడు. ఇక్కడి శిల్పాల్లో చాలావరకు మన చుట్టుపక్కల నేలలో దొరికినవే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం అలాంటిది కాదు. అక్కడివి ఒక కుటుంబం చూసి, ముచ్చటపడి, డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నవి. ఇది తెలిసి వెళితే చూసే తీరే మారుతుంది.

[ఫొటో: మూడో సాలార్‌జంగ్]

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. చిన్న వయసులోనే నిజాం దగ్గర దివాన్, అంటే ప్రధానమంత్రి అయ్యారు. 1914లో పదవి వదిలాక, 1949లో చనిపోయేదాకా ఆయన ధ్యాసంతా సేకరణ మీదే. పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. ఆ వస్తువులతో 1951 డిసెంబరు 16న ఆయన ఇంట్లోనే, దివాన్ దేవిడిలో, నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది 1968లో.

[షాట్: మేలిముసుగు రెబెకా, ముఖం దగ్గరగా]

ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఈ పాలరాతి బొమ్మను చెక్కింది ఇటలీ శిల్పి బెంజోనీ. 1876లో రోమ్‌లో కొన్నది మొదటి సాలార్‌జంగ్, అంటే యూసుఫ్ అలీ ఖాన్ తాతగారు. కాబోయే భర్త ఎదురుపడగానే ముసుగు కప్పుకున్న బైబిల్ అమ్మాయి రెబెకా. మా అమ్మ చూసి, "అడ్డుతెర తీయకముందు పెళ్లికూతురిలా ఉందిరా" అంది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ముసుగూ ముఖమూ ఒకే రాయి. మరి బట్ట పల్చగా ఎలా కనిపిస్తోంది? ముడతలున్న చోట రాయిని సన్నని గట్లుగా వదిలాడు. వాటి మధ్య ముక్కూ పెదవులూ మెత్తగా తేల్చాడు. వెలుగు గట్ల మీద పడుతుంది, నీడ మధ్యలో నిలుస్తుంది. ఆ నీడనే మన కన్ను ముసుగు వెనకున్న ముఖం అనుకుంటుంది. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ చూడండి.

[షాట్: చెక్క బొమ్మ, వెనక అద్దం]

ఒకే దుంగ. ముందు గర్వంగా నిలబడ్డ దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనక అద్దంలో తల వంచుకున్న అమ్మాయి మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గోథే నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రలు.

[షాట్: బస్సు కిటికీ, తెల్లవారుజాము]

విజయవాడ నెహ్రూ బస్ స్టేషన్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దున్నే హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్. అక్కడి నుంచి మ్యూజియం దగ్గరే, ఆటో చాలు. శుక్రవారం సెలవు, టికెట్ బుక్ చేసేటప్పుడే చూసుకోండి. అన్ని గదులూ ఒక్కరోజులో చూడాలని పరుగెత్తకండి, నాలుగైదు వస్తువుల దగ్గర నిలబడితే చాలు. గంట కొట్టే గడియారం దగ్గర జనం బాగా చేరతారు. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం పిల్లలు చూడాలంటే కాస్త ముందే వెళ్లి చోటు చూసుకోండి.