మెడ దగ్గర 15 సెకన్లు

యాంకర్: అందరికీ నమస్కారం. ఇవాళ పలాసలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. నా ఎదురుగా ఉన్నావిడ చాలా ఏళ్లుగా డయాలసిస్ పని చేస్తున్న స్టాఫ్ నర్సు. పేరు వద్దన్నారు, అందుకని అక్కా అనే పిలుస్తాను. అక్కా, శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానం ప్రాంతం అనగానే అందరూ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందనే అడుగుతారు. నేను డయాలసిస్ కోసం మెడలో వేసే గొట్టం గురించి అడుగుదామని వచ్చాను.

అక్క: మంచిదే తమ్ముడూ, దాని గురించి ఎవరూ అడగరు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఇటు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది. చేతికి ఫిస్టులా, అంటే ధమనినీ సిరనీ కలిపే చిన్న ఆపరేషన్, చేసినా అది సూది గుచ్చడానికి పనికిరావాలంటే నెలా, రెణ్నెల్లు ఆగాలి. ఒళ్లు ఆగదు గదా! అందుకని మెడ దగ్గర పెద్ద సిరలోకి క్యాథెటర్, అదే నువ్వడిగిన గొట్టం, వేస్తారు. లోపలి కొస గుండె దాకా వెళ్తుంది. బయట రెండు కొసలుంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వాటి మూతలు తీసేదీ మేమే, పెట్టేదీ మేమే. తీసిన ప్రతిసారీ రక్తంలోకి తలుపు తెరిచినట్టే.

యాంకర్: 2023 డిసెంబరులో ఇక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అంతకుముందు చాలామంది విశాఖ దాకా పోయేవాళ్లు. దగ్గరయ్యాక ఇబ్బంది తగ్గలేదా?

అక్క: ప్రయాణం తగ్గింది, అది చిన్న సంగతి కాదు. కానీ గొట్టం జాగ్రత్త ఊరిని బట్టి ఉండదు, మూత తీసే చేతిని బట్టి ఉంటుంది.

యాంకర్: ఆ చేతులకి తెలియదంటారా?

అక్క: తెలుసు, బాధంతా అక్కడే. కాగితం ఇచ్చి రాయమను, మా నర్సు పిల్లలు గడగడా రాసేస్తారు. చేతులు శుభ్రం చేసుకోవాలి, మనకీ రోగికీ మాస్కు ఉండాలి, గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు వేశాకే మూత తీయాలి, ఒక్కో కొసకి మందు తడిపిన ఒక్కో ప్యాడ్ తీసుకుని మూత బిగించే మర చుట్ల దగ్గర గట్టిగా రుద్దాలి, 10 నుంచి 15 సెకన్లు. రుద్దాక ఆరనివ్వాలి. ఆ ఆరనివ్వడమే అందరూ ఎగ్గొట్టేది! మందు ఆరేలోపే సూక్ష్మజీవి చచ్చేది. తడిగా ఉండగానే ట్యూబు తగిలించేస్తే రుద్దిన కష్టం సగం వృథా. ఏ యూనిట్‌లోనైనా పొద్దున్నే చూడు. ఒక మిషన్ కూస్తూ ఉంటుంది, ఒకాయనకి బీపీ పడిపోతుంది, బయట బెంచీ మీద తర్వాతి షిఫ్టు వాళ్లు కూర్చుని ఉంటారు. ఆ హడావిడిలో 15 సెకన్లు మూడు సెకన్లైపోతాయి. ఎవరూ కావాలని చెయ్యరు.

యాంకర్: మీ చేతుల్లో కూడా అలా జరిగిందా?

అక్క: జరిగింది. ఇక్కడ కాదు, అప్పట్లో ఇంకో చోట చేసేదాన్ని. జీడితోటల్లో పనిచేసే పెద్దాయన. మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు, చెమటకి డ్రెస్సింగ్ అంచులు లేచిపోయి ఉండేవి. తడిసిన డ్రెస్సింగ్ వెంటనే మార్చాలి. నేను పైన ఇంకో టేపు అంటించి మిషన్‌కి పెట్టేశాను. అరగంటకి, "సిస్టరమ్మా, సలేత్తంది" అన్నాడు. మంచం ఊగిపోయేలా వణుకు. దుప్పటి కప్పి, వణుకు తగ్గే ఇంజెక్షన్ వేయించి, డయాలసిస్ పూర్తి చేయించేశాం. గొట్టం ఉన్న మనిషికి మిషన్ మీద వణుకొస్తే ముందు గొట్టాన్నే అనుమానించాలి. యాంటీబయాటిక్ వేసేముందే కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో చూసే పరీక్షకి, రక్తం తియ్యాలి. మేము తియ్యలేదు. ఆయన చాలా రోజులు మంచాన పడ్డాడు. బతికాడు, దేవుడి దయ. ఆ టేపు ముక్క నాకు ఇప్పటికీ కళ్ల ముందుంటుంది తమ్ముడూ.

యాంకర్: ...మరి మూత్రం గొట్టాల సంగతి?

అక్క: అదీ ఇలాగే. స్ట్రెచర్ మీద తోసుకెళ్లేటప్పుడు బ్యాగు రోగి పొట్ట మీద పెట్టేస్తారు, మూత్రం వెనక్కి పోతుంది. బ్యాగు మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. గొట్టం ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. అందుకని రోజూ రౌండ్స్‌లో ఒకటే అడగాలి, ఇది ఇంకా అవసరమా అని. చాలాసార్లు తియ్యడం మర్చిపోవడమే జబ్బు.

యాంకర్: తెలిసినదాన్ని చేయించాలంటే ఏం చెయ్యాలి?

అక్క: మళ్లీ క్లాసు పెడితే సరిపోదు. ప్యాడ్లు స్టోర్‌లో కాదు, మంచం పక్కన ట్రేలో ఉండాలి. పక్కన నిలబడి చూసే మనిషి ఒకరుండాలి, తిట్టడానికి కాదు, చూడ్డానికి. డాక్టరు గారు మాస్కు లేకుండా వంగితే కొత్తగా చేరిన పిల్ల కూడా "సార్, మాస్కు" అనగలగాలి. ఆ ధైర్యం పెద్ద సిస్టర్లే ఇవ్వాలి. రోగులకి కూడా నేర్పాలి. నేను నేర్పుతున్నాను. తల మీద నుంచి నీళ్లు పోసుకోవద్దు, తువ్వాలు చుట్టొద్దు, చలి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

యాంకర్: వాళ్లు వింటున్నారా?

అక్క: కొబ్బరితోట ఉన్న ఒకాయన ఉన్నాడు, చదువు లేదు. నేను ఎర్ర కొస రుద్దడం మొదలెట్టగానే మాస్కు లోపల్నుంచి ఒకటీ, రెండూ అని లెక్కపెడతాడు. మొన్న పక్క మిషన్ కూస్తే పన్నెండుకే ఆపబోయాను. "ఇంకా మూడున్నాయి గదమ్మా" అన్నాడు. ఆ మూడూ రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు వెళ్లాను.