కొమ్మ కంటికి కనపడదు, లాగితే తెలుస్తుంది

అందరికీ నమస్కారం. బరంపురంలో ప్లాస్టిక్ గురించి మాట్లాడమంటే నాకు ముందు అప్పడాల కవరే గుర్తొస్తుంది, ఎందుకంటే నా తొలి ఉద్యోగం ఈ ఊళ్ళోనే, అలాంటి కవర్లకి ఫిల్మ్ ఊదే చిన్న యూనిట్లో. కరిగిన పాలిథిలిన్ డై అనే గుండ్రటి సందులోంచి గొట్టంలా పైకి లేస్తుంది, లోపల గాలి నింపితే బుడగలా ఉబ్బుతుంది. ఒకరోజు కొత్త లాట్ బస్తాలు విప్పాం. బుడగ నిలబడదే! పూనకం వచ్చినట్టు ఊగడం, ఒక పక్క పలచబడి చిరగడం. కాగితం మీద చూస్తే పాత లాటుకీ దీనికీ మెల్ట్ ఇండెక్స్ ఒకటే, అంటే 190 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువు పెడితే పది నిమిషాల్లో కారేది అన్నే గ్రాములు. తప్పు నీ సెట్టింగుదే అన్నాడు ఓనరు. ఆ రోజంతా టెన్షన్.

తేడా గొలుసులో ఉందని చాలా ఏళ్ళకి తెలిసింది. గొలుసంటే కార్బన్లు వరసగా కలిసిన పొడవాటి పాలిథిలిన్ అణువు, దాని పక్కనుంచి మొలిచేది కొమ్మ. కొమ్మల్లేని గొలుసులు ఉడికిన సేమ్యాలా ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. పొడవాటి కొమ్మలున్నవి తుమ్మకంప. ఒక్క రెమ్మ పట్టి లాగండి, కంపంతా కదిలొస్తుంది. బుడగని నిలబెట్టేది ఆ పట్టే. 1933లో ఇంగ్లండులో ఐసీఐ అనే రసాయనాల కంపెనీ వాళ్ళకి అనుకోకుండా దొరికింది ఈ కంప రకమే. విపరీతమైన ఒత్తిడిలో, తయారైన గొలుసు నడుంలోంచి ఒక హైడ్రోజన్ ఊడితే అక్కణ్ణుంచి కొమ్మ మొలుస్తుంది.

మరి కొమ్మల్ని లెక్కపెట్టడం ఎలా? కార్బన్-13 ఎన్ఎమ్ఆర్, అంటే అయస్కాంతంలో పెట్టి ఏ కార్బన్ ఎలాంటి చోట ఉందో చెప్పే పరీక్ష, లెక్కపెడుతుంది, కానీ కొమ్మ ఆరు కార్బన్లకి చేరితే మామూలుగా దానికి ఆరూ ఒకటే, ఆరువందలూ ఒకటే. ఆక్టీన్ అనే ఎనిమిది కార్బన్ల పదార్థం కలిపిన గ్రేడుల్లో పొట్టి కొమ్మ సరిగ్గా ఆరు కార్బన్లే, పొట్టిదేదో పొడుగుదేదో ఇక చెప్పేదేముంది! జీపీసీ అంటే గొలుసుల్ని సైజు వారీగా వేరుచేసే పరీక్ష. అందులో వేడి ద్రావకంలో కరిగించి, కాంతి ఎంత చెదిరిందో కొలిస్తే, అంతే బరువున్న తిన్నని గొలుసు కంటే కొమ్మలది చిన్న ఉండగా కనపడుతుంది. ఈ కుదింపుకి జిమ్, స్టాక్‌మేయర్ అనే శాస్త్రవేత్తలు 1949లోనే సూత్రం ఇచ్చారు. కొమ్మలు బాగా తక్కువైతే మాత్రం ఆ తేడా కొలతలో ఉండే పొరపాటులోనే కలిసిపోతుంది.

నా ఓటు రియోమీటరుకే, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని కదిపి చిక్కదనం కొలిచే యంత్రానికి. తిన్నని గొలుసుల బరువు రెట్టింపయితే నిదానంగా కదిపినప్పటి చిక్కదనం దాదాపు పదిన్నర రెట్లవుతుంది, ఆ గీత తప్పిందంటే కొమ్మని అనుమానించాలి. పదివేల కార్బన్లకి ఒక్క కొమ్మ ఉన్నా పసిగడుతుంది. అలాగని గుడ్డిగా నమ్మకండి, గొలుసుల బరువుల్లో బాగా హెచ్చుతగ్గులున్నా కొంత ఇలాంటి వేషమే కడుతుంది, అందుకే పక్కన జీపీసీ ఉండాల్సిందే.

ఆ రెండు లాట్ల గింజలూ హార్లిక్స్ సీసాల్లో దాచాను లెండి. మొన్నామధ్య రియోమీటరు ఎక్కించా. నిదానంగా కదిపితే పాత లాట్ బాగా చిక్కన, సాగదీస్తే పోను పోను బిగుసుకుంది. కొత్తది సాగి సాగి తెగింది. ఓనరుకి ఫోన్ చేసి చెప్పాను.

"ఆ రోజే చెప్తే బస్తాలు వాపసిచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు.