ధనుష్కోటి స్టేషన్: తుఫానుకు ముందు యాభై ఏళ్లు

అందరికీ నమస్కారం.

రామేశ్వరం ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 1964 తుఫాను, అందులో కొట్టుకుపోయిన రైలు. యూట్యూబ్ వీడియోలన్నీ అక్కడే మొదలై అక్కడే ఆగుతాయి. ‘దయ్యాల ఊరు’ అని పేరు కూడా పెట్టేశారు. నాకు ఆ పేరు నచ్చదు. ఆ రాత్రికి ముందు యాభై ఏళ్లు ఆ స్టేషన్ పనిచేసింది. ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

ఇప్పుడు రైలు రామేశ్వరంతో ఆగిపోతుంది. అప్పట్లో అలా కాదు. 1914 ఫిబ్రవరిలో ద్వీపాన్ని ఇవతలి ఒడ్డుతో కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచాక, అసలు లైను పాంబన్ నుంచి నేరుగా ధనుష్కోటికే వెళ్లేది. రామేశ్వరానిది పక్కకు చీలిన బ్రాంచి! అంత పెద్ద క్షేత్రాన్ని కాదని ఇసుక దిబ్బల మీద మెయిన్ లైను ఎందుకు వేశారంటే, సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ చూపంతా కొలంబో మీద ఉంది. అంతకుముందు మద్రాసు నుంచి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్లాలంటే తూత్తుకుడి దాకా రైలు, అక్కడినుంచి సముద్రంలో చాలా దూరం స్టీమరు. ధనుష్కోటి నుంచి అవతలి ఒడ్డు తలైమన్నార్ 30 కిలోమీటర్ల పైచిలుకే. మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ అనే రైలు ఎక్కి, రేవులో స్టీమరు మారి, తలైమన్నార్‌లో మళ్లీ రైలెక్కి కొలంబోలో దిగేవారు. మొత్తం ప్రయాణానికి ఒకటే టికెట్.

వ్యాపారులు, టీ తోటల కూలీలు, అందరిదీ అదే దారి. కూలీలను మాత్రం ముందు మండపం క్యాంపులో ఆపి, వైద్య పరీక్షలు చేశాకే పంపేవారు. సేతువులో మునిగి, అక్కడి ఇసుకను కాశీకి పట్టుకెళ్లే మన యాత్రికులు కూడా ఇక్కడికి వచ్చేవారు. కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, చర్చి అన్నీ రేవును నమ్ముకుని వచ్చినవే.

తుఫాను సంగతి క్లుప్తంగా చెబుతాను. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వేళ పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరును ఊరు దగ్గరపడుతుండగా ఉప్పెన మింగేసింది. వందమందికి పైగా ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఆ సమయంలో సావిత్రి, జెమినీ గణేశన్ కూడా రామేశ్వరంలోనే ఉన్నారు, క్షేమంగా బయటపడ్డారు.

దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో నిలబెట్టింది. అంటే రైల్వేకు చేతకాక కాదు, ధనుష్కోటి లైను వద్దనుకున్నారు. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. స్టీమరు రామేశ్వరానికి మారింది, శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక అదీ ఆగింది. బ్రాంచి కాస్తా మెయిన్ లైనైంది.

2019లో ధనుష్కోటి లైనుకు మళ్లీ శంకుస్థాపన చేశారు, పట్టాలు మాత్రం పడలేదు. పడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ఇసుక నేల సంగతి అలా ఉంచండి. అవతలి ఒడ్డుకు స్టీమరే లేనప్పుడు అక్కడ రైలు దిగినవాళ్లు ఎక్కడికి పోవాలి? ఫొటోలు తీసుకోవడానికైతే 2017 నుంచి రోడ్డు ఉంది, బస్సులు నడుస్తున్నాయి.