పళ్ళ బుట్టలు, ఆటో కిరాయి

(ఆగస్టు 29, 2025. జాతీయ క్రీడా దినోత్సవం రోజున శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న మాష్టార్లకి, వెనకాల ఎండలో నిలబడ్డ పిల్లలకి, పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరిగెత్తి చెమట ఆరకుండానే వచ్చి కూర్చున్నవాళ్ళకి, అందరికీ నమస్కారం.

కార్డులో నా పేరు కింద 'క్రీడలు, వ్యక్తిత్వ వికాసం' అని వేశారు. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. ఈ రోజు హాకీ ఆటగాడు ధ్యాన్ చంద్ గారి పుట్టినరోజు కాబట్టి ఆయనతో మొదలుపెట్టి, మన మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి మీదుగా, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కంచు పతకం పట్టుకొచ్చిన కరణం మల్లీశ్వరి గారి దాకా వద్దామనుకున్నాను. మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి ఆడపిల్ల ఈ జిల్లా పిల్ల. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

కానీ ఇందాక స్టేజి పక్క నుంచి వస్తుంటే అక్కడ వరసగా అరటిపళ్ళ బుట్టలు, ఒక మూల కొబ్బరిబొండాల గుట్ట కనిపించాయి. కార్డు తిప్పి చూశాను. ఆఖరి లైనులో 'అనంతరం డయాలసిస్ రోగులకు పండ్లు, కొబ్బరిబొండాల పంపిణీ' అని ఉంది. డయాలసిస్ అంటే కిడ్నీలు పని చెయ్యనివాళ్ళ రక్తాన్ని మిషన్ తో శుభ్రం చెయ్యడం. రాసుకొచ్చిన కాగితాలు జేబులో పెట్టేశాను. నిర్వాహకులు నన్ను మన్నించాలి. మీ మనసు మంచిదే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అయినా ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

నాది కవిటి దగ్గర ఒక పల్లె. కొబ్బరితోటలకీ, కిడ్నీ జబ్బుకీ పేరుపడ్డ ఉద్దానం మనిషిని. ఇక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా పని. మూడేళ్ళుగా మారథాన్లు పరిగెత్తుతున్నాను, ఆ పేరు చెప్పి చందాలు పోగు చేస్తున్నాను. ఆ చందా దేనికో చెప్పాలంటే ముందు పరుగు గురించి చెప్పాలి.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్ లో పెట్టిన దూరమే 1921లో ఖాయమైంది. ఈ ప్రాంగణంలోంచి బయల్దేరి కళింగపట్నం దీపస్తంభం దాకా పోయినా ఆ దూరం సరిపోదు, మళ్ళీ కొంత వెనక్కి రావాలి. అంత దూరం ఒక్కరోజులో ఎవరికీ రాదు. నేను నాలుగు నెలల ముందు మొదలుపెడతాను. వారంలో నాలుగు రోజులు పరుగు, ఆదివారం మాత్రం పెద్ద పరుగు. తెల్లవారుజామున నాలుగున్నరకి నాగావళి వంతెన మీద నుంచి మొదలు. పక్కన పరిగెత్తేవాడితో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా వెళ్ళాలి, అంతకంటే జోరు పనికిరాదు. పదహారు, పద్దెనిమిది, ఇరవై ఒకటి, అలా పెంచుకుంటూ ముప్ఫై రెండు దాకా వెళ్ళి, మధ్యలో నాలుగు వారాలకోసారి తగ్గించి, ఆఖరి మూడు వారాలు ఒంటికి విశ్రాంతి ఇస్తాను. ముందు రోజు రాత్రి అన్నం ఎక్కువ తింటాను, పొద్దున్నే చోడంబలి. కుక్కల కోసం చేతిలో చిన్న కర్ర.

ఇందులో అసలు కష్టం ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఉంటుంది. ఒంట్లో, కాలేయంలో, కండరాల్లో దాచుకున్న చక్కెర అక్కడికి దాదాపు అయిపోతుంది. కాళ్ళు మనవి కావనిపిస్తాయి. అక్కడ వాలంటీరు పిల్లలు నిలబడి సగం కోసిన అరటిపండు, ఉప్పేసిన నిమ్మరసం, ఒక్కోచోట కొబ్బరినీళ్ళు ఇస్తారు. తోటి రన్నరొకాయన ఆ అరటిపండు ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చేశాడు, నేను చూశాను. అది మళ్ళీ ప్రాణం పోసినట్టే ఉంటుంది.

ఆ అరటిపండే డయాలసిస్ మంచం మీదున్న మనిషికి విషం.

పిల్లలూ, ఇది బాగా వినండి. అరటిపండులో, కొబ్బరినీళ్ళలో, బత్తాయి కమలాల్లో పొటాషియం అనేది ఎక్కువ. మన కిడ్నీలు ఎక్కువైనదాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి కాబట్టి మనకి తెలియదు. కిడ్నీ పని చెయ్యని మనిషికి అది రక్తంలోనే ఉండిపోతుంది, పెరిగి పెరిగి గుండె లయ తప్పిస్తుంది. గుండె ఆగిపోవచ్చు కూడా. అందుకే డాక్టర్లు మొదటి రోజే అరటిపండు వద్దు, బొండాం వద్దు అని చెప్తారు. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి, కొబ్బరిచెట్ల మధ్య బతికే ఉద్దానం మనిషికి కొబ్బరినీళ్ళు వద్దనడం ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి.

మా నాన్న అలాంటి మనిషి. మాకు ఎకరంన్నర కొబ్బరి, కాస్త జీడితోట. ఆయనకి 2017లో డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు సోంపేట వెళ్ళాలి, ఒక్కో రోజు నాలుగు గంటలు మంచం మీద. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడంచేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. దాని మీద వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకునేది. మా చిన్నమ్మాయి ఆ చెయ్యి చెవికి ఆనించుకుని వినేది.

మా అమ్మ తెల్లారగానే ఒక చిన్న స్టీలు చెంబు నిండా నీళ్ళు నింపి గూట్లో పెట్టేది. రోజంతటికీ అవే. మాత్రలు వేసుకోవాలన్నా, నోరు తడుపుకోవాలన్నా అందులోంచే. తాగిన నీళ్ళు బయటికి పోవు కదా, ఒంట్లోనే చేరి ఊపిరి ఆడనివ్వవు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆయన ఆ చెంబు దగ్గరికి వెళ్ళి, లోపలికి చూసి, తాగకుండా మూత పెట్టేసి వచ్చేవాడు. నేను చూశాను. ఒకటి కాదు, వందసార్లు చూశాను. ఇప్పుడు ఆదివారం పరుగు నుంచి వచ్చి లీటరు సీసా ఎత్తి గటగటా తాగుతున్నప్పుడు ప్రతిసారీ ఆ మూత చప్పుడే వినిపిస్తుంది.

ఒకరోజు కొందరు పెద్దమనుషులు వార్డుకి వచ్చారు. అందరి చేతుల్లో తలా రెండు అరటిపళ్ళు, ఒక బొండాం పెట్టి ఫొటోలు తీసుకున్నారు. నర్సమ్మ వద్దంటున్నా హడావిడిలో ఎవరికీ వినపడలేదు. వాళ్ళు వెళ్ళాక నాన్న బొండాం చేతిలో పట్టుకుని, "బాబూ, ఇది మన తోటలోదేనేటి?" అన్నారు. అంతే అన్నారు. దాన్ని పక్క మంచం కుర్రాడి తమ్ముడికి ఇచ్చేశారు. ఆ రోజు మా దగ్గర ఇంటికి వెళ్ళడానికి ఆటో డబ్బులు సరిపోలేదు. బస్సు దిగిన చోటు నుంచి మూడు కిలోమీటర్లు, డయాలసిస్ అయిన మనిషి కాళ్ళు తేలిపోతుంటే, నా భుజం పట్టుకుని నడిచి వచ్చారు.

అప్పుడే 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది గురువారం, నాన్న డయాలసిస్ రోజు. తెల్లారి చూస్తే తోట లేదు, రోడ్డు లేదు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా రోడ్డుకడ్డంగా పడిపోయాయి. కరెంటు లేదు, ఫోను లేదు. గురువారం పోయింది, శనివారం పోయింది. మంగళవారం తర్వాత ఆయనకి డయాలసిస్ లేదు. శనివారం రాత్రికి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముఖం ఉబ్బింది. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళ చప్పుడు.

ఆదివారం తెల్లారకముందే నేను హైవే వైపు పరిగెత్తాను. లుంగీ పైకి కట్టుకుని, చెప్పుల్లేకుండా, పడిన చెట్ల మీద నుంచి దూకుతూ, కింద నుంచి దూరుతూ. తొమ్మిది కిలోమీటర్లు. నా జీవితంలో అదే మొదటి పరుగు. హైవే మీద ఒక వ్యాను ఆయన్ని కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించి, వీలైనంత లోపలికి తెచ్చాను. మిగతా దూరం నలుగురు కుర్రాళ్ళు నాన్నని నవ్వారు మంచం మీద పడుకోబెట్టి చెట్ల మీదుగా మోసుకొచ్చారు. బతికారు. మరో రెండేళ్ళు బతికారు. ఆ వ్యాను ఆయన డబ్బు తీసుకోలేదు, పేరు కూడా చెప్పలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఆ వ్యాను గురించే.

ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2023 డిసెంబర్ లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో మా ఊళ్ళకి వచ్చాయి. డయాలసిస్ ఉచితం. నెలకి పదివేలు పింఛను. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ కూడా లేదు. మా ప్రాంతానికి ఈ జబ్బు ఎందుకొచ్చిందో ఇన్నేళ్ళ పరీక్షల తర్వాత కూడా ఇదీ కారణం అని తేలలేదు, కానీ వైద్యం మాత్రం దగ్గరికి వచ్చింది. అయితే బస్సు ఊళ్ళోకి రాదు. వచ్చినా డయాలసిస్ షిఫ్టు టైముకి రాదు. మంచం దిగిన మనిషికి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతుంటే బస్సు కోసం గంట నిలబడలేడు. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 సార్లు. అన్నిసార్లు తోడు వచ్చే మనిషికి కూలి పోతుంది. పింఛను పదివేలలో ఆటోకి ఎంత, మందులకెంత, ఇంట్లోకి ఎంత, మీరే లెక్క వేసుకోండి. అందుకే వారానికి మూడుసార్లు వెళ్ళాల్సినవాళ్ళు రెండుసార్లే వెళ్తారు. అడిగితే "ఒంట్లో బానే ఉంది" అంటారు. బాగుండి కాదు, చేతిలో లేక.

నా చందా దీనికే. మా ఊరి ఆటో ఆయన ఒకరు నాలుగు పక్క ఊళ్ళ నుంచి నలుగురిని పొద్దున్న అయిదింటికి ఎక్కించుకుని తీసుకెళ్ళి, అయ్యేదాకా అక్కడే ఉండి, ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళని దింపుతారు. రోజుకి 600. నెలకి పదమూడు రోజులు, 7,800. డబ్బు నేరుగా ఆటో ఆయనకే, ఆయన పుస్తకంలో సంతకం పెడతారు. నేను పరిగెత్తే కిలోమీటరుకి ఇంత అని మీరు రాస్తారు. కిలోమీటరుకి పది రూపాయలంటే 420. అంటే ఒక మనిషికి రెండు రోజుల ప్రయాణం, ఇంకా మిగులుతుంది. మొదటి ఏడాది 83 మంది కలిసి 61,400 ఇచ్చారు. ఆ ఆటో ఎనిమిది నెలలకి కాస్త తక్కువ తిరిగింది. తర్వాత ఆగింది. ఆగిన నెలలో ఆ నలుగురిలో ఒకావిడ చనిపోయారు. ఆటో లేకే చనిపోయారని నేను అనను, నాకు అంత తెలియదు. కానీ ఆ నెల ఆవిడ నాలుగుసార్లు వెళ్ళలేదు, అది పుస్తకంలో ఉంది.

నన్ను కొందరు అడుగుతారు, "ఏటిరా బాబూ, ఆ బూట్లకి పెట్టిన డబ్బే ఇచ్చేయొచ్చు గదా, ఈ పరుగెందుకు?" అని. ఇచ్చాను బాబూ, నా జీతంలో నుంచీ ఇస్తాను. కానీ నేనొక్కడినే ఇస్తే ఒక ఆటో రెండు నెలలు. నాలుగు నెలలు తెల్లవారుజామున నన్ను రోడ్డు మీద చూసిన పాలాయన, పేపరు కుర్రాడు, టీ కొట్టు అప్ప, వీళ్ళు అడుగుతారు, అడిగితే చెప్తాను, చెప్తే రాస్తారు. టీ కొట్టు అప్ప కిలోమీటరుకి రూపాయి రాసింది. పరుగు అయిన మర్నాడు 42 రూపాయలు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

ఇక్కడ రన్నర్లు ఉన్నారు కాబట్టి ఒక్క మాట. ఈ నెలలో ఒళ్ళు నొప్పులకి షాపులో నొప్పి బిళ్ళ కొనుక్కుని వేసుకున్నవాళ్ళు చేతులు ఎత్తండి. సిగ్గుపడకండి. చూశారా, ఎన్ని చేతులో! పరుగుకి ముందు బిళ్ళ వేసుకుని బయల్దేరేవాళ్ళని విశాఖ బీచ్ రోడ్డులో నా కళ్ళతో చూశాను. చెమట పోయి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తం అసలే తగ్గుతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి బిళ్ళలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మీకు దండం పెడతాను, డాక్టరుని అడక్కుండా వేసుకోవద్దు. నొప్పైతే ఆ రోజు పరుగు మానేయండి. మా నాన్న తోటలో పని చేసి వచ్చి రోజూ ఒక బిళ్ళ వేసుకునేవారు, కిరాణా కొట్టులో దొరికేది. ఆయన జబ్బు దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ రేకు చించిన చప్పుడు గుర్తుంది.

టైము అయిపోయిందని చీటీ పంపారు. ముగిస్తాను.

ఈ ఏడాది రెండు ఆటోలు పన్నెండు నెలలూ ఆగకుండా తిరగాలని నా కోరిక. 1,87,200 కావాలి. చలికాలంలో విశాఖలో నేవీ మారథాన్ పరిగెత్తుతాను. పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, మా అమ్మాయి కూర్చుంది. రాయాలనుకున్నవాళ్ళు రాయండి.

ఇంక ఆ బుట్టల సంగతి. కార్యదర్శి గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ అరటిపళ్ళు, బొండాలు పొద్దున్న పరిగెత్తిన ఈ పిల్లలకి పంచేయండి, మిగిలినవి హాస్టలుకి పంపండి. వాటిని వార్డుకి తీసుకెళ్ళడానికి బయట వ్యాను మాట్లాడి ఉంచారు కదా, దాన్ని మాత్రం వెనక్కి పంపకండి. వార్డులో రెండో షిఫ్టు మూడింటికి అయిపోతుంది. నేను కూడా వస్తాను. ఎవరెవరు ఏ ఊరు వెళ్ళాలో అడిగి, వాళ్ళని ఇళ్ళ దగ్గర దింపి వద్దాం.